పెడలుపై పాదము: కట్టవలెనా, విడువవలెనా?



నేటి నా ప్రసంగవిషయము పైకి చూచుటకు చిన్నది. కొండదారులలో సైకిలు తొక్కువాడు తన పాదమును పెడలునకు బిగించికొనవలెనా, లేక బల్లపరుపుగా నున్న పెడలుమీద విడిగా నుంచికొనవలెనా అనునదే ఆ విషయము. ఇది పడుచువాండ్ర ముచ్చట గదా, నెరసిన తలలకు దీనితో పనియేమి అని మీలో కొందఱనుకొనవచ్చును. కాని సైకిలు కొనుటకు సొమ్మిచ్చువారు మీరు. మనుమడు మోకాలు చెక్కుకొని యింటికి వచ్చినపుడు మందు వేయించువారును మీరే. అదిగాక, పాదమును కట్టుటయా, విడుచుటయా అను ప్రశ్న సైకిలుతో పుట్టినది కాదు. అది గుఱ్ఱపుస్వారి యంత పాతది, మగ్గమంత పాతది. ఆ రెండును మన ఆదోని, ఎమ్మిగనూరు సీమకు క్రొత్తవి కావు. కావున ఈ ప్రశ్నకు జవాబులో సగము మన యింటి ముంగిటనే దొరకునని నా నమ్మకము.

మొదట మాటల చిక్కు నొకదానిని విప్పవలెను. పాదమును బిగించి పట్టుకొను పెడలును ఇంగ్లీషులో 'క్లిప్‌లెస్' అందురు. క్లిప్పు లేనిదని దాని యర్థము. బిగించుదానికి బిగింపులేనిదను పేరేమిటని వినువారు నివ్వెఱపోవుట సహజము. కథ యేమనగా, పూర్వము పందెపు సైకిళ్ల పెడళ్లకు పాదము ముందరి భాగము దూరునట్లు ఇనుప చట్ర మొకటియు, దానిని బిగించుటకు తోలుపటకా యొకటియు నుండెడివి. ఆ చట్రమునకే క్లిప్పని పేరు. తరువాత వచ్చిన పెడలులో ఆ చట్రము పోయినది. దానికి మారుగా జోడు అడుగున బిగించిన చిన్న లోహపు బిళ్ల పెడలులోని స్ప్రింగు పట్టులో టక్కున చిక్కుకొనును. చట్రము పోయినది గనుక క్లిప్పు లేని పెడలయినది. పట్టు మాత్రము మునుపటికన్న గట్టిపడినది. ఈ ప్రసంగములో నేను దానిని పట్టు పెడలనియు, రెండవదానిని బల్ల పెడలనియు చెప్పెదను. పేర్లతో పేచీ లేకుండ పోవును.

ఇక గుఱ్ఱముతో ఆరంభింతము. సాంచీ మొదలగు చోట్ల క్రీస్తుకు పూర్వపు శిల్పములలో గుఱ్ఱపురౌతుల బొమ్మలున్నవి. వానిలో రౌతు బొటనవ్రేలు మాత్రము దూరునట్టి చిన్న ఉచ్చు కనబడుచున్నది. జోళ్లులేని కాళ్లతో స్వారిచేయు దేశమునకు అది చాలిన యేర్పాటు. చలిదేశములవారు జోళ్లు విడువజాలరు గనుక వారికి పాదము ముందరి భాగమంతయు ఆనుకొను రికాబు కావలసివచ్చెను. అట్టి రికాబులు 4వ శతాబ్దమునాటి చైనా సమాధులలో దొరకిన బొమ్మలయందు కానవచ్చుచున్నవి. అక్కడనుండి ఆశ్విక జాతులవెంట అది లోకమంతట వ్యాపించినది.

మన ఆదోని కోట చూడని గుఱ్ఱములు లేవనవచ్చును. అది విజయనగర ప్రభువుల దుర్గముగా నుండి, తళ్ళికోట యుద్ధానంతరము విజాపురమువారి పాలయ్యెను. వారి పక్షమున సిద్ది మసూదు ఖాను ఏలుచుండగా 1688లో మొగలాయి సేనలకు వశమయ్యెను. తరువాత నిజాము అలీ సోదరుడు బసాలతు జంగు ఇక్కడ దర్బారు తీర్చెను. 1786లో టిప్పు సుల్తాను దీనిని ముట్టడించి పట్టుకొనెను. 1800లో దత్తమండలములతోపాటు ఇది కుంఫిణీవారి చేతికి వచ్చెను. ఇన్ని చేతులు మారిన కోటక్రింద ఎన్ని వేల రౌతులు రికాబులలో పాదము లుంచి నిలిచిరో లెక్క కట్టజాలము. ఆ బండరాళ్ల నడుమ గుఱ్ఱము దింపుట యెట్టి పనియో, రణమండల కొండ మెట్లెక్కి దిగిన మీకు నేను వర్ణింపనక్కఱలేదు.

ఇప్పుడొక చిన్న మాట అడిగెదను. రికాబువలన రౌతునకు కలిగిన లాభమేమి? గుఱ్ఱము వేగము హెచ్చలేదు. రౌతు కాలిబలముతో గుఱ్ఱము పరుగెత్తదు. అతనికి దొరకినది నిలుకడ. జీనుమీదనుండి లేచి నిలువవచ్చును, ప్రక్కకు ఒరిగి కత్తి దూయవచ్చును, గుఱ్ఱము త్రుళ్లినను తాను త్రుళ్లిపడకుండ నుండవచ్చును. దానికి చెల్లించు వెలయు నొకటి కలదు. రౌతు పడినపుడు పాదము రికాబులో చిక్కెనా, గుఱ్ఱము వానిని నేలవెంట ఈడ్చుకొనిపోవును. అందువలననే స్వారి నేర్పు గురువులు పాదము ముందరి భాగమును మాత్రమే రికాబులో నుంచుమనియు, మడమను క్రిందికి దించుమనియు చెప్పుచు వచ్చిరి. మడమ దించిన పాదము లోపలికి జాఱదు. ఈ మడమ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, మరల దానితో పని పడును.

తాడిచెట్టెక్కు గీతవానిని చూచినను ఇట్టి సంగతియే తెలియును. అతడు రెండు పాదములకును బంధము వేసికొని, మోకును నడుమునకు తగిలించుకొని పైకి పోవును. ఆ బంధము లేనిదే చెట్టును కఱచిపట్టుట సాధ్యముకాదు. కాని అతడు చెట్టుపై నున్నంతసేపు దొర్లిపడుట అను ప్రశ్నయే లేకుండ చూచుకొనును. పడినచో బంధమున్నను లేకున్నను ఒక్కటే. సైకిలువాని కట్లు కాదు. వాడు పడితీరును. పడుట వాని విద్యలో నొక భాగము. కావున వానికి బంధము వేయుటకన్న విప్పుట ముఖ్యము.

ఇక మగ్గమునకు వత్తము. ఎమ్మిగనూరు పేరు చెప్పగానే మగ్గము గుర్తుకు రానివారుండరు. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారల సహకారసంఘమును అచ్చట స్థాపించిరి. అప్పటికి ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలోని ఆదోని తాలూకాలోనిది. ఆదోనితోపాటు కర్నూలు జిల్లాలో చేరినది ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన 1953లోనే. ఆ సంఘము నేతగాండ్రకు నూలిచ్చి, బట్ట కొని, అమ్మకపు బాధ్యత తానే వహించెను. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ బిరుదము లభించెను. ఆ సంఘము చరిత్ర వేఱొక ప్రసంగమునకు తగినది. నాకిప్పుడు కావలసినది నేతగాని పాదములు మాత్రమే.

గుంటమగ్గము చెంత నిలిచి నేను పలుమాఱులు ఆ పాదములనే చూచుచుంటిని. చేతులను చూచువారు చాలమంది, నాడె ఇటునటు పరుగెత్తుచుండ కన్ను దానివెంటనే పోవును గదా. గుంటలోని పాదములను చూచువారరుదు. క్రింద రెండు తొక్కుడు కఱ్ఱలుండును. కుడికాలితో ఒకదానిని తొక్కగానే పడుగులో సగము పోగులు క్రిందికి దిగును. ఆ దిగుటయే పైనున్న త్రాళ్లద్వారా మిగిలిన సగమును పైకెత్తును. అప్పుడు రెండవ తొక్కుడు కఱ్ఱ తనంతట తాను పైకి లేచును. ఎడమపాదము దానితోకూడ లేచును. తరువాత ఎడమకాలు తొక్కును, కుడికాలు లేచును. దినమంతయు నింతే. ఒక పాదము నొక్కుచుండ రెండవది ఊరకయే మోయబడుచుండును.

ఈ పనిలో పాదమును తొక్కుడు కఱ్ఱకు కట్టుకొన్న నేతగాని నెవ్వనిని నేను చూడలేదు. ఏల కట్టుకొనవలెను? కఱ్ఱను పైకి లాగవలసిన యవసరమే లేదు. రెండవ కాలు నొక్కుటలోనే ఈ కాలు లేచుట యున్నది. పైకి లాగుటకు ప్రయత్నించినచో తొడ నొచ్చును, నేత ముందుకు సాగదు. ఇంగ్లండులో జాన్ కే అనునతడు 1733లో నాడెను త్రాటితో లాగి పరుగెత్తించు ఉపాయము కనిపెట్టెను. ఆ ఉపాయము మన మగ్గములకును వచ్చి చేతిపనిని మార్చివేసెను. పాదముల పనిని మాత్రము అది ముట్టలేదు. ముట్టవలసిన లోపము అక్కడ లేదు మఱి.

సైకిలులోనిదియు సరిగా ఈ యమరికయే. రెండు పెడళ్లును ఒకే యిరుసునకు ఎదురెదురుగా బిగింపబడినవి. ఒకటి దిగుచుండ రెండవది లేచును. కుడికాలు తొక్కిన బలముతోనే ఎడమకాలు పైకి వచ్చును. ఇది మనస్సునందుంచుకొని సైకిలు కథ వినుడు.

జర్మనీలోని మాన్‌హైం నగరమున 1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనునతడు రెండు చక్రముల బండి నొకదానిని చేసెను. దానికి పెడళ్లు లేవు. కూర్చుండి, నేలను కాళ్లతో తన్నుకొనుచు పోవలెను. పాదమును కట్టుట మాట అట్లుండనిండు, పాదమునకు తావే లేదు. 1860 తరువాత పారిసు నగరమున ముందుచక్రమునకు పెడళ్లు తగిలించిరి. 1885లో స్టార్లీ అను నింగ్లీషువాడు రోవరు సైకిలును వెలువరించెను. సమానమైన చక్రములు, వెనుకచక్రమునకు గొలుసు. నేటి సైకిలు రూపము దానిదే. మూడేండ్లకు డన్‌లప్ గాలి టైరును తెచ్చెను. పందెములు హెచ్చెను. పందెములు హెచ్చిన వెంటనే పాదము జాఱుట యొక బెడద యయ్యెను. 1890 మొదలుకొని ఇనుప చట్రము, తోలుపటకా వాడుకలోనికి వచ్చెను. అమెరికాలో చార్లెస్ హాన్సన్ అనునతడు ఆ దశాబ్దములోనే పాదమును మెలిత్రిప్పి విడిపించుకొను పెడలునకు పేటెంటు పొందెను. అది లోకమున వ్యాపింపలేదు. ఆ యాలోచన మాత్రము తొమ్మిది దశాబ్దములు నిద్రించి మరల లేచినది.

మన దేశమునకు వచ్చిన సైకిలు పందెపుది కాదు. అది పనిముట్టు. మొదట ర్యాలీ, హంబరు, బి.ఎస్.ఎ. అను సీమ సైకిళ్లు వచ్చెను. తరువాత 1949లో మదరాసున టి.ఐ. సైకిల్సువారు, 1951లో సోనీపట్టున అట్లాసువారు, 1956లో లూథియానాలో హీరోవారు దేశములోనే చేయసాగిరి. వానియన్నిటి పెడలు మీ రెఱిగినదే. ఇనుప చట్రమునకు రెండువైపుల నల్లని రబ్బరు దిమ్మెలు, వానిపై గాళ్లు. వట్టికాలితో తొక్కవచ్చును, చెప్పుతో తొక్కవచ్చును, మడమతో తొక్కినను అడుగువారు లేరు. పాలక్యానులు, బట్టలమూటలు, ప్రత్తిబోరెములు, బడికి పోవు పిల్లలు, అందఱును ఆ రబ్బరు దిమ్మెలమీదనే నడచిరి. ఎత్తుచాలని పిల్లవాడు చట్రము నడుమనుండి కాలు దూర్చి అడ్డముగ తొక్కుచు పోవుటకును ఆ పెడలు సమ్మతించెను. దాని దోషమొక్కటే: రబ్బరు అరిగి నున్నబడినపిమ్మట వానలో తడిసిన పాదము జాఱును. మోటకఱ్ఱ తగిలినట్లు పెడలు వచ్చి పిక్కముందరి యెముకకు తగులును. ఆ దెబ్బ తిననివారు మీలో నుండరని నేను సాహసించి చెప్పగలను.

ఇటు మన సీమలో ఇది యిట్లుండ, ఐరోపాలో పందెగాండ్రు పటకా బిగించుకొని పోవుచునే యుండిరి. పటకాను చేతితో వదలు చేసిననే కాలు వచ్చును. 1970 ప్రాంతమున ఇటలీలోని చినెల్లీ సంస్థవారు చట్రము లేని పట్టు పెడలు నొకదానిని చేసిరి. కాని దానిని విడిపించుకొనుటకు వంగి చేతితో మీటను లాగవలెను. పడబోవువానికి చేయి ఖాళీగా నుండునా? అది యమపాశమువంటిదని పందెగాండ్రు పలువురు దాని జోలికి పోలేదు.

అసలు మార్పు మంచుకొండలనుండి వచ్చెను. ఫ్రాన్సులో లుక్ అను సంస్థవారు మంచుపై జాఱు క్రీడకు కాలిపలకల పట్టులను చేయువారు. ఆ క్రీడలో మనిషి పడినపుడు పాదము పలకనుండి తనంతట విడిపోవలెను, లేనిచో కాలు విఱుగును. ఆ విద్యను వారు 1984లో పెడలునకు తెచ్చిరి. మడమను బయటికి త్రిప్పినచో చాలును, స్ప్రింగు వదలును. మఱుచటి యేడు, 1985లో, బెర్నార్ ఈనో అను ఫ్రెంచి వీరుడు ఆ పెడళ్లతో టూర్ ద ఫ్రాన్సు మహాపందెమును తన యైదవ పర్యాయము గెలిచెను. అటుపై కొన్నియేండ్లలోనే పందెపు బాటలనుండి పటకాలు మాయమయ్యెను.

కొండసైకిలు కథ వేఱు. అది అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కొండలలో పుట్టినది. అక్కడి పడుచువాండ్రు కొందఱు పాతబడిన లావు టైర్ల సైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టిదారులవెంట క్రిందికి వదలువారు. 1976లో వారు రీప్యాక్ అను పేర అట్టి దిగుడుపందెమును మొదలిడిరి. ఆ సైకిళ్లకు పెడలును వెనుకకు తొక్కినచో పడు బ్రేకుండెడిది. కొండ దిగునప్పటికి ఆ బ్రేకులోని గ్రీజు వేడికి కరగి పోవుటచే మరల నింపవలసి వచ్చెడిది. ఆ నింపుటయే పందెమునకు పేరయ్యెను. పేరు పెట్టుటలో మన పల్లెటూరివారికి వారేమియు తీసిపోరు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థవారు స్టంప్‌జంపరు అను కొండసైకిలును దుకాణములకు తెచ్చిరి. 1990లో జపాను దేశపు షిమానో సంస్థవారు బురదలోను పనిచేయు చిన్న బిళ్ల పట్టు పెడలును కొండసైకిలుకై వెలువరించిరి. బిళ్ల జోడు అడుగులోనికి పల్లముగా నుండును గనుక దిగి నడువవచ్చును కూడ. 1996లో కొండసైకిలు పందెము ఒలింపిక్కు క్రీడలలో చేరెను. కొండలెక్కుచు దిగుచు సాగు ఆ పందెములలో నేడు పట్టు పెడలుదే రాజ్యము.

దుకాణములలో పట్టు పెడలును గుఱించి చెప్పుమాట యొకటి కలదు. పాదము కట్టియుండుటచే క్రిందికి తొక్కుటయేగాక పైకి లాగుటయు సాధ్యమగును, కావున బలము రెట్టించునని. వినుటకు న్యాయముగానే యున్నది. కాని మగ్గపు గుంటలోని పాదములను చూచినవాడు ఇచ్చట కొంచె మాగును. వ్యాయామశాస్త్రజ్ఞులు పెడళ్లలో కొలతసాధనములమర్చి పరిశీలించినప్పుడు తేలినదేమనగా, ఆరితేరిన పందెగాండ్రును సాధారణముగ తొక్కునప్పుడు పెడలును పైకి లాగుట లేదు. లేచు కాలు తన బరువులో కొంత పెడలుమీదనే మోపుచున్నది. అనగా రెండవ కాలు దానిని మోయుచున్నది, అచ్చముగ నేతగాని పాదమువలె. బుద్ధిపూర్వకముగ లాగుమని చెప్పి తొక్కించినచో, బలము గుండ్రముగ సమానముగ పడినను, అదే పనికి దేహము వినియోగించు ప్రాణవాయువు హెచ్చెను. లాగెడు కండరములు నొక్కెడు కండరములంత పొదుపుగ పనిచేయవు. క్షణకాలపు ఉఱుకులోను, నిట్టనిలువు మిట్ట మీద నాలుగు తొక్కులలోను లాగుట అక్కఱకు వచ్చునని ఒప్పుకొనవలెను. గంటలకొలది ప్రయాణమునకు అది బలము కాదు, వ్యయము.

అట్లయిన పందెగాండ్రు దానిని విడువరేల? రికాబువలన రౌతునకు ఏమి కలిగినదో, వీరికిని అదియే కలుగుచున్నది. నిలుకడ. రాళ్లమీద సైకిలు గడగడలాడునప్పుడు పాదము చెదరదు. వేగముగ తొక్కునప్పుడు పాదము తన చోటు తప్పదు. పాదమెక్కడ నున్నదో చూచుకొనవలసిన పనిలేదు. ఇది చిన్న లాభము కాదు. నే నన్నది బలమును గుఱించిన మాట నిజము కాదని; పట్టు పెడలు పనికిరానిదని కాదు.

బల్ల పెడలు పక్షమునకు సాక్షి ఆస్ట్రేలియా దేశస్థుడు సామ్ హిల్. కొండదిగుడు పందెములలో పోటీదార్లనేకులు పాదములు బిగించికొని దిగుచుండగా, ఇతడు బల్ల పెడళ్లపై విడికాళ్లతో దిగి 2006, 2007, 2010 సంవత్సరములలో జగజ్జేతయయ్యెను. తరువాత దిగుడేగాక ఎక్కుడును కలిసిన ఎండ్యూరో పందెముల వరుసలో 2017, 2018, 2019 మూడేండ్లును వరుసగా ప్రథముడయ్యెను. ఇతడు వాడిన బల్ల పెడలు మన రబ్బరు దిమ్మెల పెడలు కాదని గుర్తింపవలెను. అది వెడల్పైన లోహపుపలక. దానిపై చిన్న చిన్న మేకులు నిలిచియుండును. జోడు అడుగు బండలెక్కువారు వాడు మెత్తని అంటుకొను రబ్బరుతో చేయబడినది. మేకులు ఆ రబ్బరులో దిగి పాదమును పట్టుకొనును. అయితే ఆ పట్టు వానంతట రాదు. రాళ్లదారిలో దిగునప్పుడు మడమను క్రిందికి దించి, బరువును పాదముల మీద మోపవలెను. మడమ లేచెనా, పాదము ఎగిరిపోవును. స్వారిగురువులు చెప్పిన మాటయే యిది. గుఱ్ఱము పోయి సైకిలు వచ్చినను మడమ సంగతి మారలేదు.

పట్టు పెడలుతో మొదలిడినవాడు ఈ మడమవిద్య నేర్చుకొనక పోవచ్చును. పాదము కట్టియున్నది గనుక సైకిలును పాదములతో పైకి లాగి రాయి దాటించును. అది పనిచేయును. కాని పాదమేనాడైన విడిపోయినపుడు వానికి దిక్కుతోచదు. విడికాళ్లతో నేర్చినవాడు పెడలును వెనుకకు నొక్కుచు, దేహమును ముడిచి విప్పుచు సైకిలును లేపుట నేర్చును. వానికి తరువాత ఏ పెడలైన నొకటే. ఈ కారణముచేతనే నేర్పువారిలో ననేకులు మొదట బల్ల పెడలునే చెప్పుదురు, నేనును వారి పక్షమే.

బల్ల పెడలునకు దోషములు లేకపోలేదు. పాదము జాఱినచో ఆ మేకులు పిక్కముందరి చర్మమును రంపమువలె చీల్చును. మన పాత రబ్బరు దిమ్మె దెబ్బ దానియెదుట ముద్దువంటిది. పిక్కకు కవచము తొడుగుట మంచిది. పట్టు పెడలు దెబ్బ వేఱువిధమైనది. అది వేగముగ పోవునప్పుడుకాదు, తఱచుగ నిలుచునప్పుడు తగులును. సైకిలు మెల్లగ నాగును, మడమ త్రిప్పుట మఱచును, మనిషి నఱకిన చెట్టువలె ప్రక్కకు ఒరుగును. నలుగురు చూచుచుండగా పడుట గనుక దేహముకన్న మనస్సునకు నొప్పి. సమముగ నున్న నేలపై ఇది నవ్వులాట. ప్రక్కన లోయ యున్నచో, పడువైపు బండరాయి యున్నచో, నవ్వులాట కాదు. బిళ్ల వంకరగ బిగించినచో మోకాలినొప్పియు పుట్టును; పాదము సహజముగ తిరుగుదిక్కున అది తిరుగనియ్యదు.

ఇక మన నేలకు రండు. ఆదోనికిని ఎమ్మిగనూరికిని నడుమ సుమారు 30 కిలోమీటర్లు. ఈ సీమలో నల్లరేగడి విస్తారము. వేసవిలో అది నెఱ్ఱెలువాఱి ఇటుకవలె నుండును. తొలకరి పడినచో బండిచక్రమునకు మూరెడు మందము పట్టును, చెప్పును కాలినుండి ఊడబెఱుకును. ఆ రేగడిలో ఒకసారి దిగి నాలుగడుగులు వేసినవాని జోడు అడుగున బిళ్ల యున్నదో లేదో వానికే తెలియదు. మన్ను నిండిన బిళ్ల పెడలులో దిగదు, పుల్లతో గీకుకొనవలెను. షిమానోవారు బురద విదల్చుకొనునట్లు పెడలును చేసిరనుట నిజమే, కాని మన రేగడి పట్టు వేఱు. చేని గట్లపై, బండిదారులలో తిరుగువానికి వానకాలములో బల్ల పెడలే సుఖము. అదిగాక అట్టివాడు పదినిమిషములకొకమారు దిగును. కంచె దాటవలెను, ఎద్దుబండికి తోవ యియ్యవలెను, ఎదురుగ గొఱ్ఱెలమంద వచ్చును.

కోట వైపు కొండలలో రేగడి లేదు, బండరాళ్లు, గరుసు, ముండ్లు. అక్కడ పడుట యనగా రాతిమీద పడుట. దారి కఱకుగ నున్నచోట పాదము విడిగ నుండి నేల నందుకొనగలుగుట ప్రాణమునకు రక్ష. క్రొత్తవాడు అక్కడ పాదము బిగించికొని దిగుట నాకు సమ్మతము కాదు. ఏడాది రెండేండ్లు విడికాళ్లతో ఆ దారులెక్కి దిగి, ఏ రాయి ఎట్లు త్రుళ్లించునో దేహమునకు తెలిసిన పిమ్మట, దూరపు పందెములకు పోదలచినవాడు పట్టు పెడలునకు మారుటలో తప్పేమియు లేదు. గట్టి బాటమీద తెల్లవాఱుజామున బయలుదేఱి మంత్రాలయము దాక పోయివచ్చువానికి అది హాయి కూడ.

ఒకసారి కొన్నది జన్మాంతము వదలదను భయము వలదు. కొండసైకిలు పెడళ్లు రెండు జాతులవియు సాధారణముగ ఒకే మరకొలతవి, అంగుళములో పదునాఱింట తొమ్మిది. ఒక స్పానరుతో పావుగంటలో మార్చవచ్చును. కుడిప్రక్క పెడలు మర అన్ని మరలవలెనే బిగియును, ఎడమప్రక్కది మాత్రము ఎదురుమర. ఎడమ పెడలును కుడి పెడలువలె త్రిప్పబోయి మర పాడుచేసినవారనేకులు. మీ యూరి సైకిలుషాపు మేస్త్రీ ఈ సంగతి బాగుగ నెఱుగును. పట్టు పెడలు కొన్నచో దాని వెనుక స్ప్రింగును బిగించు చిన్న మర యుండును. క్రొత్తలో దానిని మిక్కిలి వదలుగ నుంచవలెను. బిళ్లలలోను, మడమను ఏ వైపు త్రిప్పినను సులువుగ వదలునట్టివి వేఱుగ దొరకును, మొదట అవియే మేలు. పిల్లవానిని గడ్డినేలపై గాని, కళ్లములో గోడ నానుకొనిగాని నిలిపి, పాదము నుంచుట, తీయుట నూఱుమారులు చేయింపుడు. నిలిచినచోట ఎడమకాలు ఆలోచన లేకుండ బయటికి వచ్చినప్పుడు, ఆ మరను అరచుట్టు బిగింపవచ్చును.